మాంత్రికుల ఆకాశంతో ఆస్ట్రానమీ ఒలింపియాడ్ ప్రిపరేషన్

ఆస్ట్రానమీ ఒలింపియాడ్‌కి తొలి మెట్టు పరీక్ష ఎన్‌ఎస్‌ఈఏకి చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా ప్రిపరేషన్‌లో బాగా పనికొచ్చిన ఒక పద్ధతి చెబుతాను. ఫిజిక్స్ చాలామంది ఎలాగోలా లాగేస్తారు. టెన్షన్ పెట్టేది ఆర్‌ఏ (ఆకాశంలో చుక్కకు తూర్పు-పడమర కొలత, గంటల్లో), డెక్లినేషన్ (ఉత్తర-దక్షిణ కొలత, డిగ్రీల్లో), సైడీరియల్ టైమ్ (చుక్కల లెక్కన నడిచే గడియారం). ఫార్ములాలు నోటికొచ్చినా ఏ చుక్క ఏ వేళకు ఎక్కడుంటుందో కళ్లకు కట్టదు. నాకు అది పట్టుబడింది మాంత్రికుల స్కూలు నవలలైన హ్యారీ పాటర్ వల్లే.

ఆ కథలో ఖగోళశాస్త్రం కూడా ఒక సబ్జెక్టు. జూన్ నెలలో, బాగా రాత్రయ్యాక, స్కాట్లాండ్‌లోని కోట బురుజు మీద పిల్లలు ప్రాక్టికల్ రాస్తారు. హీరో తన పటంలో ఒరాయన్‌ను, అంటే వేటగాడి ఆకారంలో కనిపించే చుక్కల గుంపును, నింపుతాడు. అక్కడ ఆగి పెన్ను తీయండి. ఆ వేళకు ఒరాయన్ కనిపిస్తుందా?

ఒరాయన్ ఆర్‌ఏ సుమారు 5.5 గంటలు. జూన్ మధ్యలో సూర్యుడిదీ అంతే. అంటే ఒరాయన్ పగలంతా సూర్యుడి వెంటే తిరిగి, నడిరాత్రికి క్షితిజం కిందే ఉంటుంది. కార్తెలు తెలిసిన ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది ఇంకా తేలిక, సూర్యుడు ఏ నక్షత్రం దిక్కున ఉంటే కార్తెకు ఆ పేరే. మృగశిర కార్తె రాగానే చేపల కూర వండుకుంటాం కదా, అప్పటికి సూర్యుడు ఒరాయన్ తల దిక్కుకు చేరుతున్నట్టు లెక్క. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె. ఆరుద్ర అంటే ఒరాయన్‌లోని బెటెల్‌గూస్ నక్షత్రమే. పైగా స్కాట్లాండ్ లాంటి 57 డిగ్రీల అక్షాంశంలో ఆ రోజుల్లో నడిరాత్రి కూడా సూర్యుడు క్షితిజానికి 10 డిగ్రీల లోపే కిందికి దిగుతాడు. పూర్తి చీకటి పడాలంటే 18 డిగ్రీలు దిగాలి.

రచయిత్రిని తప్పుపట్టాలని కాదు, నాకు ఆ నవలలంటే ప్రాణం. ఇష్టమైన కథలో దొరికిన లెక్క మర్చిపోం, అంతే. వాళ్ల హోంవర్క్‌లో గురుగ్రహపు చందమామలూ వస్తాయి. అయో 1.77 రోజులకు, గానిమీడ్ 7.15 రోజులకు ఒకసారి గురుడి చుట్టూ తిరుగుతాయి. కెప్లర్ మూడో నియమం (తిరిగే కాలం వర్గం దూరం ఘనానికి అనుపాతంలో ఉంటుంది) పెడితే గానిమీడ్ దూరం అయో దూరానికి సుమారు 2.5 రెట్లని తేలుతుంది. ఎన్‌ఎస్‌ఈఏ దాటి హోమీ భాభా సెంటర్ వాళ్ల తర్వాతి పరీక్ష ఐఎన్‌ఏఓకి వెళ్తే జవాబు ఒక్కటే రాస్తే చాలదు, స్టెప్పులన్నీ రాసి చూపించాలి. అందుకే ఇలాంటివి నోటితో కాకుండా కాగితం మీదే చేయండి.

ఇప్పుడు అదే పరీక్షను డిసెంబర్ మధ్యకు జరపండి. బెటెల్‌గూస్ డెక్లినేషన్ +7 డిగ్రీలు, అక్షాంశం 57 అనుకోండి. నడిరాత్రి దాటిన కాసేపటికి అది దక్షిణాన ఎంత ఎత్తులో ఉంటుందో కట్టండి. 40 డిగ్రీలు రావాలి.