పరుగు సరే, ఆ పైపు సంగతి చూడండి

అమెరికాలోని స్టాండింగ్ రాక్ అనే ఆదివాసీ ప్రాంతపు కుర్రాళ్ల పరుగు గురించి చెప్పేవాళ్లు చాలామంది దూరం దగ్గరే ఆగిపోతారు. 2016 వేసవిలో ఆ ఆదివాసీ పిల్లలు నార్త్ డకోటా నుంచి వాషింగ్టన్ దాకా, వంతులవారీగా, దాదాపు 2,000 మైళ్లు పరిగెత్తారు. చమురు పైపులైను వద్దంటూ సంతకాల అర్జీ పట్టుకెళ్లారు. గొప్పే. కానీ వాళ్ల భయం ఎంత లెక్కగలదో చూడాలి.

డకోటా యాక్సెస్ పైపులైను పొడవు 1,172 మైళ్లు. మిస్సోరీ నది మీది ఓహే సరస్సును, రిజర్వేషన్‌కి, అంటే ఆ ఆదివాసీలకు కేటాయించిన నేలకి, అర మైలు ఎగువన, అడుగునుంచి దాటుతుంది. ముందు బిస్మార్క్ నగరానికి ఉత్తరంగా వేద్దామనుకున్నారు. అక్కడి మంచినీటి బావులకు దగ్గరన్నది కూడా ఒక కారణంగా చూపి మార్చారు. మరి ఇక్కడివాళ్లు తాగేవి నీళ్లు కావా?

లీకు పసిగట్టే ఏర్పాటు ప్రవాహం, ఒత్తిడి లెక్కల్లో తేడా చూస్తుంది. పైపు భళ్లున పగిలితే తెలిసిపోతుంది. సన్న చిల్లుపడి ఒక శాతం లోపు కారితే మాత్రం దొరక్కపోవచ్చు. రోజుకు 6 లక్షల పీపాలు పారితే ఆ ఒక్క శాతమే 6,000 పీపాలు. పీపాకి 159 లీటర్లు! చలికాలం సరస్సు గడ్డకట్టాక పైకి తేలిన తెట్టూ కనబడదు.

క్రిములున్న నీళ్లయితే ఒక నిమిషం తెర్లనిస్తే చాలు. చమురు కలిస్తే మరిగించినా లాభంలేదు, చమురులో ఉండే బెంజీన్ అనే విషం ఆవిరై వంటింటి గాలిలోకే వస్తుంది. నీళ్లు తోడే చోటు మూసేసి వేరేచోటునుంచి తెచ్చుకోవాల్సిందే.

చమురు 2017 జూన్ నుంచి పారుతోంది.