వాడి గోత్రం ఏమిటని అడిగితే

పోయిన నెల గుడిలో అర్చన చేయిస్తుంటే పంతులుగారు మామూలుగానే గోత్రం అడిగారు. నాకు నోట మాట రాలేదు. మా ఆయన అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంవాడు, వాళ్ల పెద్దలు జర్మనీ నుంచి వచ్చి ఇక్కడ పాడి పెట్టుకున్న రైతులు. పెళ్లయ్యాక ఆడపిల్లది భర్త గోత్రమే అంటారు కదా, మరి గోత్రమే లేని మనిషిని చేసుకుంటే? పంతులుగారు మర్యాదగానే శివగోత్రం అని కానిచ్చేశారు. కారెక్కాక మా పదకొండేళ్లవాడు "అమ్మా, నాకు అది లేదా?" అన్నాడు.

ఊరెళ్తే వాణ్ణి "సగం మనవాడే" అంటారు, ప్రేమగానే అంటారు. అయినా ఆ సగం అనే మాట నాకు గుచ్చుకుంటుంది.

మేముండేది ఆపిల్టన్‌లో. దగ్గర్లోనే విన్నెబాగో సరస్సు, అందులోంచి నది బయటికి పారే చోట డోటీ ద్వీపం. విన్నెబాగో అన్నది ఇక్కడి ఆదివాసీ తెగకు ఇరుగుపొరుగు తెగలు పెట్టిన పేరు, వాళ్లు తమని తాము చెప్పుకునేది హో-చంక్‌లు అని. పద్దెనిమిదో శతాబ్దంలో ఆ ద్వీపం మీది ఊరికి పెద్ద ఒక ఆడమనిషి. ఆమె పేరును ఇంగ్లీషులో గ్లోరీ ఆఫ్ ద మార్నింగ్ అని రాస్తారు. 1766లో జొనాథన్ కార్వర్ అనే యాత్రికుడు ఆమె ఊళ్లో నాలుగు రోజులుండి ఆమె మర్యాదల గురించి రాసిపెట్టాడు. ఆమె పెళ్లాడింది డెకారీ అనే ఫ్రెంచివాణ్ణి, సైన్యంలో ఉద్యోగం వదిలి జంతుచర్మాల వ్యాపారానికి వచ్చినవాడు. కొన్నేళ్లకు అతను కూతుర్ని తీసుకుని వెళ్లిపోయాడు, కొడుకులిద్దరూ తల్లి దగ్గర ఉండిపోయారు. తర్వాత అతను మళ్లీ సైన్యంలో చేరి, ఇంగ్లీషువాళ్లతో యుద్ధంలో క్వెబెక్ దగ్గర దెబ్బతిని చనిపోయాడు. ఆ కూతురు పెద్దయ్యాక తల్లి భాష ఎంత గుర్తుంచుకుందో అని నేను చాలా రాత్రులు ఆలోచించాను.

ఆ కొడుకుల్లో ఒకరి కొడుకే ఒంటికన్ను డెకోరా. ఇంటిపేరు ఫ్రెంచి తాతది, సొంత పేరుకి హో-చంక్ భాషలో పెద్ద పడవ అని అర్థం. బ్రిటిష్‌వాళ్లకూ అమెరికన్లకూ యుద్ధం వచ్చి, 1812 జులైలో అమెరికన్ల మాకినాక్ కోట పట్టుకున్నప్పుడు బ్రిటిష్‌వాళ్ల పక్కన ఉన్నాడు, 1813 ఆగస్టులో స్టీఫెన్సన్ కోట మీద దాడిలోనూ, ఆ మరుసటేడు ప్రెయిరీ ద్యు షీన్ అనే ఊరిని పట్టుకున్నప్పుడూ ఉన్నాడు. అదే మనిషి 1832 ఆగస్టులో, అమెరికన్లతో యుద్ధంలో ఓడిన సాక్ తెగ నాయకుడు బ్లాక్ హాక్‌ని అదే ఊరికి తీసుకొచ్చి అమెరికన్లకు అప్పగించినవాళ్లలో ఒకడు.

ఇది చెప్తే మావాడు "మరి అతను ఎవరి పార్టీ?" అన్నాడు. వాళ్లవాళ్ల పార్టీయే నాన్నా అన్నాను. తాత పోరాడి చనిపోయింది ఇంగ్లీషువాళ్లతో, మనవడు నిలబడింది ఇంగ్లీషువాళ్ల పక్కన, ఎందుకంటే అప్పుడు నేల మీదికి వస్తున్నది అమెరికన్లు. ఇరవై ఏళ్లకి వాళ్లతో గొడవ పడే ఓపిక తెగలో చాలామందికి లేకపోయింది. అప్పగించినందుకు దక్కిందీ ఏం లేదు. అదే సెప్టెంబరులో ఒప్పందం రాయించుకుని విస్కాన్సిన్ నదికి దక్షిణాన ఉన్న నేల తీసేసుకున్నారు. 1837లో మిగతాదీ పోయింది, ఖాళీ చెయ్యడానికి ఎనిమిదేళ్లు అని నమ్మించి కాగితంలో ఎనిమిది నెలలని రాశారు. ఇది చదివినప్పుడు నాకు కడుపు మండిపోయింది. డెకోరా మాత్రం 1864లో విస్కాన్సిన్‌లోనే, మన్రో కౌంటీలో కన్నుమూశాడు.

నన్ను పట్టుకున్నది మాత్రం యుద్ధాలు కాదు. హో-చంక్‌లలో కూడా వంశం తండ్రి నుంచే వస్తుంది. ఉరుము వంశం, ఎలుగుబంటి వంశం అని ఉంటాయి, మన గోత్రాల్లాగే సొంత వంశంలో పెళ్లి చేసుకోరు. తండ్రి బయటివాడైతే పిల్లలకు తల్లి వైపు వంశంలో పేరు పెట్టుకునేవారట. ఆ ఫ్రెంచివాడి పిల్లల్నీ మనవల్నీ సగం అని పక్కన పెట్టలేదు, తెగకు పెద్దల్ని చేసుకున్నారు. రూలు వాళ్లకీ ఉంది, పిల్లాడు ముందు నిలబడితే దాన్ని కాస్త జరిపారు.

ఆదివారం అమలాపురం ఫోన్ చేసి నాన్నని అడిగాను, వాడికి మన గోత్రం చెప్పచ్చా అని. అవతల చాలాసేపు చప్పుడు లేదు. లైను తెగిందేమో అనుకున్నాను.

"కౌండిన్యస," అన్నారు. "నువ్వు చెప్పకు, వాడి చేతే చెప్పించు. ముందు నోరు తిరగాలి, ఫోన్ వాడికియ్యి."