నల్ల అట్టకు పెట్టిన చిల్లు

నల్ల అట్ట మీద లవ్ సింబల్ గీస్తుంటే చెల్లి చూసి ఏంటన్నయ్యా అంది. "బొకే కోసం" అన్నాను. "ఎవరికి?" అని కళ్లెగరేసింది. పూల బొకే అనుకుంది మరి! ఇది జపాను వాళ్ల మాట, మసక అని అర్థం. ఫోకస్‌లో లేని దీపాలు ఫోటోలో వెలుగు మచ్చల్లా విచ్చుకుంటాయే, వాటి సంగతి. ఆ మచ్చలు నాకు లవ్ సింబల్ ఆకారంలో కావాలి. లెన్సు ముందు ఆ ఆకారంలో కోసిన అట్ట పెడితే వస్తాయని ఎక్కడో చదివాను.

కెమెరాతో పాటు వచ్చిన 18-55 ఎంఎం జూమ్ లెన్సుకు అట్టను మూతలా చుట్టి, మధ్యలో రెండు సెంటీమీటర్ల సింబల్ కోశాను. గది చీకటి చేసి, గోడకు సీరియల్ లైట్లు వేలాడదీసి, ఇవతల బల్ల మీద చెల్లి పాత బొమ్మను కూర్చోబెట్టాను. తీస్తే చిన్న చిన్న గుండ్రాలు! బ్లేడు మార్చి, అంచులు నున్నగా కోసి మళ్లీ తీశాను. అవే గుండ్రాలు. ఆ రాత్రికి అట్టను తిట్టుకుని పడుకున్నాను.

తప్పు అట్టది కాదు, నా లెక్కది. ఆ లెన్సును 55 ఎంఎం జూమ్ దగ్గర ఎంత తెరిచినా అపర్చర్, అంటే వెలుగు లోపలికి వచ్చే దారి, ఎఫ్ 5.6 కంటే పెద్దది కాదు. ఎంఎం అంకెను ఎఫ్ అంకెతో భాగిస్తే ఆ దారి వెడల్పు తెలుస్తుంది: 55ను 5.6తో భాగిస్తే దాదాపు 10 మిల్లీమీటర్లు. లోపల దారే అంత ఇరుకైతే బయట 20 మిల్లీమీటర్ల గుమ్మం కట్టి ఏం లాభం? మచ్చకు ఆకారం ఇచ్చేది రెండింటిలో ఇరుకైనదే.

స్నేహితుడి దగ్గర 50 ఎంఎం, ఎఫ్ 1.8 లెన్సు అడిగి తెచ్చుకున్నాను. దాని దారి దాదాపు 28 మిల్లీమీటర్లు. ఈసారి 15 మిల్లీమీటర్ల చిల్లు పెట్టి, అపర్చర్ పూర్తిగా తెరిచి నొక్కాను. గోడ నిండా లవ్ సింబల్సే! ఇంట్లో వాళ్లు పరిగెత్తుకొచ్చేలా అరిచాను.

అయితే చిల్లు చిన్నదయ్యేసరికి వెలుతురు పడిపోయింది. షట్టర్ నిదానమైంది, చెయ్యి వణికితే అన్నీ సాగిపోతున్నాయి. ట్రైపాడ్ లేదు, పుస్తకాల దొంతరే దిక్కు. ఆటోఫోకస్ చీకట్లో ముందుకీ వెనక్కీ తడుముకుంటూ చివరికి బొమ్మ ముక్కు మీద ఆగేది, కళ్లేమో మసక. ఇక దాన్ని ఆపేసి, స్క్రీన్ మీద బొమ్మ కన్ను పెద్దది చేసి చూసుకుంటూ చేత్తో రింగు తిప్పాను. ఫ్రేము అంచుల్లో సింబల్స్ సగానికి తెగిపోతున్నాయి, దానికి నాకు దొరికిన మందు లైట్లన్నీ మధ్యకు చేర్చడమే.

ఆశ పెరిగి 'గ' కోశాను. లెన్సుకు ఎదురుగా నిలబడి చూస్తే ముచ్చటగా ఉంది. ఫోటోలో చూస్తే అద్దంలో బొమ్మలా కుడి ఎడమలు మారిపోయాయి. కెమెరా వెనక నిలబడ్డవాడికి సరిగ్గా కనిపించేలా తగిలించాలట. అట్ట తిరగేశాను, సరిపోయింది.

ఊరుకోకుండా ఇంకో లైట్ల దండ తెచ్చి బొమ్మకు ముందు వేలాడదీశాను. వెనకవన్నీ నిటారుగా ఉన్నాయి, ముందువన్నీ తలకిందులు! ఒకే అట్ట, ఒకే ఫోటో. కాగితం మీద గీసుకుంటే అర్థమైంది. బొమ్మకు వెనకున్న దీపాల కిరణాలు కెమెరా లోపల వెలుగు పడే సెన్సరును చేరకముందే ఒకదాన్నొకటి దాటేసి తలకిందులవుతాయి, ముందున్న వాటివి దాటకుండానే సెన్సరు మీద పడతాయి. సెన్సరు మీద పడ్డదాన్నంతా కెమెరా తిరగేసి చూపిస్తుంది కాబట్టి ఫోటోలో వెనకవి నిటారుగా, ముందువి తలకిందులుగా వస్తాయి.

చెల్లికి ఇదంతా చూపించి గొప్పలు పోతుంటే, "అయితే 'ఠ' కోసి చూపించు" అంది. కోశాను. లోపలి బిళ్ల, దాంతోపాటు చుక్క, ఊడి నేల మీద పడ్డాయి. ఇప్పుడు ఆ బిళ్లను సన్నటి దారంతో వేలాడగట్టే పనిలో ఉన్నాను.