మత్తు డాక్టరు మీకు గుర్తున్నారా?

పోయిన ఏడాది అక్టోబరు 16న ఉదయం ఆరున్నరకు మా పట్టణంలోని మత్తు వైద్యులం పాతికమంది దాకా తెల్లకోట్లు వేసుకుని మున్సిపల్ ఆఫీసు దగ్గర నుంచి బస్టాండు వరకు నడిచాం. ముందు ఇద్దరు పట్టుకున్న బ్యానరు మీద ‘ప్రపంచ మత్తు వైద్య దినోత్సవం’ అని పెద్ద అక్షరాలతో రాయించాం. బస్టాండు ఎదుట టీ బంకు నడిపే ఆయన మా అందరికీ టీలు పోసి, డబ్బు తీసుకోవడానికి మొహమాటపడుతూ, “చాలా మంచి పని చేస్తున్నారండీ. మా పేటలో కుర్రాళ్ళు గంజాయికి బాగా అలవాటుపడ్డారు, ఒకసారి అటు కూడా రండి” అన్నాడు. మాలో అందరికంటే పెద్దాయన ముప్ఫై ఏళ్ళుగా ఈ పట్టణంలో వేలమందికి ఆపరేషన్లలో మత్తు ఇచ్చినవారు. ఆయనకు ఏం చెప్పాలో తోచక, “తప్పకుండా వస్తాం” అని ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టారు.

ఆ టీ బంకు ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. తెలుగులో మత్తు అనే మాటకు ఉన్న పరువు అంతంతమాత్రం. పత్రిక తెరిస్తే మత్తుమందుల ముఠా పట్టివేత అని కనిపిస్తుంది, తాగి పడిపోయినవాణ్ణి మత్తులో ఉన్నాడంటాం, నేను రోజూ చేసే పనికి కూడా మత్తు ఇవ్వడమనే పేరు. అనస్థీషియా అంటే ఆ ఇబ్బంది లేదు గానీ, ఆ మాట నోరు తిరిగేవాళ్ళు తక్కువ. పైగా అది విన్నవాళ్ళు అదేదో మందు పేరు అనుకుంటారే తప్ప, ఇచ్చే మనిషి ఒకరున్నారని అనుకోరు. ఎంబీబీఎస్ తరువాత మూడేళ్ళు ఎండీ చదివి వచ్చిన నన్ను, “మీరు కూడా డాక్టరేనా, లేక ఇంజెక్షన్ ఇచ్చే ఆయనా?” అని అడిగినవాళ్ళు నా ఇరవై ఏళ్ళ ప్రాక్టీసులో లెక్కలేనంతమంది.

అక్టోబరు 16 మాకు ఎందుకు పండుగ రోజో చెప్పాలి. 1846లో ఆ రోజున అమెరికాలోని బోస్టన్ నగరంలో, మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో, విలియం మోర్టన్ అనే దంతవైద్యుడు నలుగురి ఎదుట ఒక రోగికి ఈథర్ పీల్పించి, మెడ మీద గడ్డకు శస్త్రచికిత్స జరుగుతున్నంతసేపూ అతను నొప్పితో అరవకుండా ఉండేలా చేశాడు. అంతకు ముందు శస్త్రచికిత్స అంటే రోగిని నలుగురు బలవంతంగా పట్టుకోవడమే. మన దేశంలో మా వృత్తి సంఘమైన ఇండియన్ సొసైటీ ఆఫ్ అనస్థీషియాలజిస్ట్స్ 1947లో ఏర్పడింది. పట్టణ శాఖలుగా మేం ప్రతి ఏడూ ఆ రోజున ఏదో ఒకటి చేస్తాం. నడకలు, టీషర్టులు, రక్తదాన శిబిరం, కేకు కోయడం, మర్నాడు జిల్లా ఎడిషన్‌లో ఒక ఫొటో. ఆ ఫొటోలో ఎవరు ఎక్కడ నిలబడాలన్న దాని మీద జరిగే చర్చ మాత్రం మా వార్షిక సమావేశాల్లోకెల్లా రసవత్తరంగా ఉంటుంది.

మా గురించి జనానికి తెలియకపోవడానికి మా పని స్వభావమే సగం కారణం. ఏ గొడవా జరగకపోతేనే మేం పని బాగా చేసినట్టు. చిన్న పట్టణాల్లో చాలామందికి సొంత ఆస్పత్రి ఉండదు. ఫోను రాగానే సంచీ తీసుకుని ఒక నర్సింగ్ హోమ్ నుంచి ఇంకో నర్సింగ్ హోమ్‌కు వెళ్ళడమే మా దినచర్య. రోగి మమ్మల్ని చూసేది ఆపరేషన్ బల్ల మీద పడుకున్న తరువాత, అదీ మాస్కు వెనక రెండు కళ్ళు మాత్రమే. దానికి తోడు, ఆందోళన తగ్గడానికి ముందుగా ఇచ్చే మిడజోలమ్ అనే మందుకు, అది ఎక్కిన తరువాత జరిగినవాటిని గుర్తుండనివ్వని గుణం ఉంది. రోగి చెయ్యి పట్టుకుని, పిల్లలేం చదువుతున్నారని అడిగి, ధైర్యం చెప్పి నిద్రపుచ్చుతాం, లేచాక ఆ మాటల్లో ఒక్కటీ గుర్తుండదు. మమ్మల్ని మరిపించేది మా మందే.

కోవిడ్ కాలంలో ఈ పరిస్థితి మారుతుందని కొంత ఆశపడ్డాను. వెంటిలేటర్ల దగ్గర, గొంతులో గొట్టం వేసే చోట, వైరస్‌కు అందరికంటే దగ్గరగా నిలబడినవాళ్ళలో మా వాళ్ళు ఎక్కువ. ఆపరేషన్ థియేటర్లలో దశాబ్దాలుగా మేం రోగి వేలికి తగిలించే ఆక్సీమీటరు అనే క్లిప్పు 2021 నాటికి పల్లెటూళ్ళలో కూడా టీవీ పక్కన అలమరలోకి చేరింది. అందులో ఆక్సిజన్ శాతం తొంభై నాలుగు దిగితే కంగారుపడాలని ఇంట్లో ముసలమ్మలకు కూడా తెలిసింది. పరికరం పేరు తెలిసింది గానీ, దాన్ని చూస్తూ గంటల తరబడి కూర్చోవడమే పనిగా పెట్టుకున్న వైద్యులు ఉన్నారని తెలియలేదు.

డాక్టర్లు తమ గురించి తాము చెప్పుకోవడానికి హద్దులున్నాయి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నీతి నియమావళి ప్రకారం వైద్యుడు రోగులను ఆకర్షించడానికి ప్రకటనలు ఇవ్వకూడదు. ఈ నియమాన్ని చూపించి, అసలు ప్రజల ముందుకు వెళ్ళడమే తప్పని మా శాఖలో వాదించేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ‘నా దగ్గరకు రండి’ అనడం వేరు, ‘ఇలాంటి వైద్యం ఒకటుంది, దానికి ముందు మీరు ఈ నాలుగు విషయాలు అడిగి తెలుసుకోండి’ అనడం వేరు. మొదటిది వ్యక్తి చేసే వ్యాపారం, రెండోది సంఘం చేయవలసిన పని. సంఘం ఉన్నది ఇందుకు కాకపోతే ఏడాదికోసారి హోటల్లో భోజనానికా అన్నాను ఒక సమావేశంలో. కొందరికి కోపం వచ్చింది.

చేసినవాటిలో పనికొచ్చింది గుండె నొక్కుడు శిక్షణ. 2017లో మా సంఘం ఆధ్వర్యంలో సామాన్య ప్రజల కోసం ‘కోల్స్’ అనే పద్ధతి వెలువడింది. నోటితో ఊపిరి ఊదనక్కరలేదు. మనిషి కుప్పకూలి పలకకపోతే 108కి ఫోను చేయించి, ఛాతీ మధ్యలో రెండు చేతులతో అయిదారు సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 120 సార్ల లెక్కన, సహాయం వచ్చేదాకా నొక్కుతూ ఉండాలి. మేం కానిస్టేబుళ్ళకు, ఆటో స్టాండుల్లో, జూనియర్ కాలేజీల్లో ఇది నేర్పించాం. రబ్బరు బొమ్మ మీద రెండు నిమిషాలు నొక్కేసరికి ఎంత దిట్టమైన కానిస్టేబులైనా చొక్కా తడిసి పక్కకు జరిగేవాడు. అయితే మొదటి ఏడాది ఒక పొరపాటు చేశాం. తరగతి అయ్యాక ఒక ఆటో డ్రైవరు వచ్చి, “మా నాన్నకు ఛాతీ నొప్పి, మీ గుండె ఆస్పత్రి ఎక్కడండీ?” అని అడిగాడు. రెండు గంటలు మాట్లాడాం గానీ, ఇది మాకెందుకు తెలుసో ఒక్క ముక్క చెప్పలేదు. ఇప్పుడు అక్కడి నుంచే మొదలుపెడుతున్నాం: “ఆపరేషన్‌లో మీకు పూర్తి మత్తు ఇచ్చాక మీ ఊపిరి మీరు తీసుకోలేరు, అంతసేపూ మీ బదులు ఊపిరి ఆడించేది మేమే. అందుకే ఊపిరీ గుండే ఆగితే ఏం చేయాలో మాకు రోజూ అలవాటు.” అప్పుడు తలలు ఊగుతాయి.

కాలేజీ పిల్లల దగ్గర ఇంకో కథ కూడా చెబుతాను. 1888లోనూ 1889లోనూ హైదరాబాద్‌లో, అప్పట్లో మత్తుకు వాడే క్లోరోఫామ్ మీద రెండు విచారణ కమిషన్లు పనిచేశాయి. ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ పూనుకోగా, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుణ్ణి రప్పించారు. క్లోరోఫామ్ ముందు ఆపేది ఊపిరినే గానీ గుండెను కాదని వాళ్ళు తేల్చారు. అది పూర్తిగా నిజం కాదని, గుండె కూడా ఉన్నట్టుండి ఆగిపోగలదని 1911లో లెవీ అనే పరిశోధకుడు చూపించాడు. తీర్పు తప్పినా, రోగి ఊపిరిని క్షణం విడవకుండా గమనించాలన్న వాళ్ళ పట్టుదల మా వృత్తికి మిగిలింది. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చాలామంది చెప్పే రూపాబాయి ఫర్దూన్‌జీ చదివింది కూడా హైదరాబాద్ మెడికల్ స్కూల్లోనే. ఈ సంగతి చెప్పగానే వెనక బెంచీల్లో ఫోన్లు కిందికి దిగుతాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, సిజేరియన్ అయిన ఆడవాళ్ళ నడుం నొప్పి ఒక ఎత్తు. ‘అప్పుడు నడుముకి మత్తు సూది వేశారు, అప్పటి నుంచీ ఈ నొప్పి’ అనే మాట వినని తెలుగు ఇల్లు ఉంటుందని నేననుకోను. మేం వాడే సూది మందం అర మిల్లీమీటరు, కొన్నిసార్లు ఇంకా తక్కువ. గుచ్చిన చోట కొద్ది రోజులు సలపవచ్చు, కొందరికి లేచి కూర్చుంటే తలనొప్పి వచ్చి కొన్నాళ్ళకు తగ్గవచ్చు. ఏళ్ళ తరబడి ఉండే నడుం నొప్పికి ఆ సూదికీ సంబంధం ఉన్నట్టు పరిశోధనల్లో తేలలేదు. గర్భంలో సాగిన కీళ్ళు, బిడ్డను ఎత్తుకుని వంగి చేసే పనులు, సరిపడని నిద్ర వీటన్నిటి నొప్పీ సూది ఖాతాలో పడుతోంది. జనం మా వృత్తిని గుర్తుపెట్టుకునే ఒకే ఒక్క సందర్భం ఈ నింద. దీనికి కరపత్రం వేసి చూశాం, ఎవరూ చదవలేదు. సూది వేయడానికి ముందు రోజు మంచం పక్కన కూర్చుని మేం చెబితే విన్నవాళ్ళు మాత్రం తరువాత ఆ మాట అనడం తక్కువని నాకు అనుభవం.

అందుకే నేను ఇప్పుడు ఆపరేషన్‌కు ముందు రోజు సాయంత్రం వార్డుకు వెళ్ళడం తప్పనిసరి చేసుకున్నాను. మొన్న మోకాలు మార్పిడికి వచ్చిన ఒక పెద్దావిడ నన్ను చూసి, “నువ్వెవరు బాబూ? పెద్ద డాక్టరుగారు పొద్దున చూసి వెళ్ళారుగా” అంది. పేరు చెప్పి, రేపు ఆయన మోకాలు చూసుకుంటే నేను మిమ్మల్ని చూసుకుంటానని చెప్పాను. నోరు తెరిపించి చూశాను, కదిలే పన్ను ఉందేమో అడిగాను, బీపీ మాత్రల చీటీ చదివాను. పక్కనున్న కోడలు, “పొద్దున్నే ఒక్క గుక్క టీ పోయొచ్చా అండీ?” అని అడిగింది. మత్తులో కడుపులోనిది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుందని, టీలో పాలుంటాయి కాబట్టి దాన్నీ అన్నంతో సమానంగా లెక్కపెట్టి ఆరు గంటల ముందే ఆపాలని, ఉత్త మంచినీళ్ళయితే రెండు గంటల ముందు వరకు తాగవచ్చని చెప్పాను. కొంతసేపు ఆలోచించి ఆ పెద్దావిడ, “అయితే మధ్యలో నువ్వు బయటికి వెళ్ళవుగా?” అంది. వెళ్ళనన్నాను. సర్జన్‌ను ఎవరూ అడగవలసిన అవసరం లేని ప్రశ్న అది.

ఈ ఏడు ర్యాలీ వద్దని శాఖలో తీర్మానించాం. ఆ రోజు సభ్యులందరూ తమ తమ ఆస్పత్రుల్లో మర్నాటి రోగులను పేరు చెప్పి పలకరించాలని, కోటు మీద పేరు ఉన్న బ్యాడ్జీ పెట్టుకోవాలని అనుకున్నాం. పేరు కింద ఏం రాయాలన్న దగ్గర మాత్రం ఆగిపోయాం. మత్తు డాక్టరు అంటే జనానికి తెలుస్తుందని నాలాంటివాళ్ళం, ఆ మాటతో మళ్ళీ గంజాయి దగ్గరికే వస్తామని, అనస్థీషియా వైద్యులు అని రాద్దామని కుర్ర డాక్టర్లు. టీ బంకు దగ్గర నిలబడ్డ మా పెద్దాయన ఇంకా ఎటూ ఓటు వేయలేదు. ప్రెస్సువాడు శుక్రవారం లోపు మేటరు ఇవ్వమంటున్నాడు.