చీనీ మొద్దు మీద నాలుగు కొవ్వొత్తులు

నవంబర్ 9. బోరు ఎండిపోయి మే నెలలో అనంతపురం జిల్లా నార్పల దగ్గరి మా చీనీ (బత్తాయి) తోట కొట్టేయాల్సి వచ్చింది. కట్టెలన్నీ అమ్మేశాం, రెండడుగుల మొద్దు ఒక్కటి దాచుకున్నాను. చీలకుండా రెండు కొసలకూ ఫెవికాల్ పూసి ఆరు నెలలు నీడలో ఆరబెట్టినా ఒక పక్క సన్నగా చీలింది, ఫర్వాలేదు. దీంతో అడ్వెంట్ కొవ్వొత్తుల స్టాండు చేస్తున్నాను. అడ్వెంట్ అంటే క్రిస్మస్‌కి ముందు ప్రభువు రాక కోసం ఎదురుచూసే నాలుగు వారాలు, ఆదివారానికొక కొవ్వొత్తి వెలిగిస్తాం. ఏటా ఈ రోజుల్లో చదివే బైబిల్లోని యెషయా గ్రంథం 11వ అధ్యాయం మొదలయ్యేదే నరికేసిన మొద్దుతో, దాని నుంచి చిగురు వస్తుందనే మాటతో. ఎన్నేళ్ళుగానో విన్నదే, ఈసారి వింటుంటే మాత్రం మా తోటే కళ్ళ ముందు కనబడింది.

నవంబర్ 16. అడుగు భాగం కదలకుండా చదును చేసి, పైన ఇంచుంపావు బిట్‌తో నాలుగు రంధ్రాలు, ఒక్కోటి ఇంచు లోతు. చీనీ కట్టె గట్టిది, మధ్య మధ్యలో ఆగి డ్రిల్లు చల్లారనివ్వాలి. లోపల రేకు చుట్టాను, లేకపోతే కొవ్వొత్తి చివరికొచ్చేసరికి కట్టె అంటుకోవచ్చు.

నవంబర్ 23. కొవ్వొత్తులు. మైనం నేరుగా మంట మీద పెట్టకండి, మరిగే నీళ్ళ గిన్నెలో చిన్న గిన్నె పెట్టి కరిగించాలి. అచ్చుకి ఇంచు పైపుని నిలువునా కోసి, లోపల కొబ్బరినూనె రాసి, టేపు చుట్టాను. చల్లారాక వత్తి చుట్టూ గుంట పడుతుంది, మళ్ళీ కాస్త పోయాలి. మొదట పిల్లల క్రేయాన్లు కలిపాను, వాటి రంగు వత్తికి అడ్డుపడి మంట నిలవలేదు. కొవ్వొత్తుల రంగే తెచ్చి, నాలుగింటిలో ఊదా రంగువి మూడూ పోశాను.

నవంబర్ 30. మొదటి ఆదివారం, నిరీక్షణ కొవ్వొత్తి వెలిగించాం. రోజూ సాయంత్రం ఇరవై నిమిషాలు, ప్రార్థన అయ్యేదాకా. మనం ఆశ అనే చోట తెలుగు బైబిల్లో నిరీక్షణ అని ఉంటుంది, అంటే ఎదురుచూడటం. ఆశ మనసు బాగున్నప్పుడే పుడుతుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను, అందుకే ఈ ఏడు నెలలూ నా దగ్గర అది లేదనే అనుకున్నాను. ఎదురుచూడటం మాత్రం మనసు విరిగిపోయి ఉన్నా చెయ్యొచ్చు, ఏమీ అడగాలనిపించని రోజు కూడా అగ్గిపుల్ల గీసి ఆ వెలుగు ముందు కూర్చోవచ్చు, ప్రభువు వస్తాడని. నేను చేస్తున్నది అంతే, అది చాలా పెద్ద సాయంగా ఉంది.

డిసెంబర్ 7. రెండోది వెలిగింది. పొద్దున నాన్నతో తోటకి వెళ్తే, సెప్టెంబర్ వానలకి వచ్చినట్టున్నాయి, నాలుగైదు మొద్దులకి చిగుళ్ళు. అంటు కింద నుంచి వచ్చినవి కాబట్టి అవి చీనీ కాదు, జంబేరి, అంటే చీనీని అంటు కట్టే వేరు మొక్క, ఒక రకం నిమ్మ. తోట ఉన్నప్పుడు నాన్న వాటిని కనబడగానే గిల్లేసేవాడు. ఇవాళ గిల్లలేదు. చాలాసేపు చూసి, "వేరు బతికే ఉంది, నీళ్ళుంటే మళ్ళీ అంటు కట్టొచ్చు" అన్నాడు. తోట పోయాక ఆయన 'మళ్ళీ' అనడం ఇదే మొదటిసారి.

మూడో ఆదివారం 14న, దానికి గులాబీ రంగుది ఇంకా పోయాలి. మైనం పావుకిలో ఉంది, వత్తి తెచ్చుకోవాలి.