రైట్ రైట్ అంటూ గుణదల మెట్లెక్కిన మా నాన్న

మొక్కు మొక్కింది మా మేనత్త. నాన్న ఐసీయూలో ఉన్నప్పుడు బయట వరండాలో జపమాల పట్టుకుని కూర్చుని, "మా తమ్ముడు లేచి నడిస్తే నీ కొండకి తీసుకొస్తాను తల్లీ" అనేసింది, మమ్మల్ని ఎవర్నీ అడక్కుండానే. అత్తని ఇచ్చింది ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్ వాళ్లింటికి. మేము బాప్టిస్టులం, మరియమాతకి మొక్కులు మొక్కం. బయటివాళ్లకి ఇదో తేడాలా కనిపించదు గానీ, శ్రీకాకుళంలో మా సంఘంలో విజయవాడ గుణదల కొండకి, మరియమాత దగ్గరికి వెళ్తున్నాం అంటే నలుగురూ నాలుగు రకాలుగా అంటారు. అన్నారు కూడా. ఒకావిడ అయితే ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటూ, "ఏటమ్మా, ప్రభువు శ్రీకాకుళంలో లేడా?" అని అమ్మని మొహం మీదే అడిగేసింది. "ఉన్నాడమ్మా, ఆయన్ని వెంటబెట్టుకునే ఎల్తన్నాం" అంది అమ్మ.

నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. రాత్రి బాగానే పడుకున్నాడు, తెల్లారి లేచేసరికి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట లేదు. మెదడులో ఎడమవైపు రక్తనాళంలో గడ్డ అన్నారు. మొదలైన నాలుగున్నర గంటల్లోపు తీసుకొస్తే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వొచ్చట, కానీ నిద్రలో ఎప్పుడు వచ్చిందో ఎవరికి తెలుసు. అందుకే చెప్తున్నాను, మూతి వంకర పోయినా, చెయ్యి కిందకి జారిపోయినా, మాట ముద్దగా వచ్చినా టైము చూసుకుని వెంటనే 108కి ఫోన్ చెయ్యండి, కాస్త పడుకుంటే తగ్గిపోతుందిలే అనుకోకండి.

ఇంటికి తెచ్చాక ప్రార్థన చేస్తామంటూ చాలామంది వచ్చారు. చాలామంది మంచివాళ్లే, గంజి కాచి పెట్టినవాళ్లున్నారు, రాత్రిళ్లు వంతులేసుకుని మేలుకున్నవాళ్లున్నారు. ఒకాయన మాత్రం నూనె రాసి, బీపీ మాత్రలు ఆపెయ్యమన్నాడు, మాత్ర వేసుకుంటే విశ్వాసం లేనట్టేనట. అమ్మ మంచినీళ్లిచ్చి, వందనాలు చెప్పి, గేటు దాకా దిగబెట్టి వచ్చింది. మళ్లీ పిలవలేదు. మా ఇంట్లో ఆ మాట చెల్లదు. మా నాయనమ్మకి కంటి శుక్లాల ఆపరేషన్ అయింది సోంపేట ఆరోగ్యవరంలో. కెనడా నుంచి వచ్చిన బెన్ గల్లిసన్ అనే మిషనరీ డాక్టరు పనిచేసిన ఆసుపత్రి అది, 1963లో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పుట్టింది ఆయన పనికి సాయం చెయ్యడానికే. మా వైపు సువార్త, సూదిమందు ఒకే చేత్తో వచ్చాయి. ఇప్పుడు వాటిని విడదీస్తానంటే ఎలా?

మాట విషయం చెప్పాలి. నాన్నకి నీళ్లు కావాలంటే నీళ్లు అన్న మాట దొరికేది కాదు, నోరు తెరిచి వెతుక్కునేవాడు, దొరక్కపోతే కోపంతో ఎడం చేత్తో మంచం మీద కొట్టేవాడు. అలాంటిది ఒక సాయంత్రం అత్త పాత కీర్తన ఒకటి ఎత్తుకుంటే, నాన్న పల్లవి మొత్తం మాటలతో సహా పాడేశాడు. ఇల్లంతా ఏడుపులు, స్తోత్రాలు. తర్వాత విశాఖలో స్పీచ్ థెరపిస్టు చెప్పిందేమంటే, మాట దెబ్బతిన్నవాళ్లలో పాట మిగిలి ఉండడం చాలాసార్లు చూస్తారట, పాటకి మెదడు కుడివైపు కూడా పనిచేస్తుందని. ఏళ్ల తరబడి నోటికి అలవాటైన మాటలు కూడా అలాగే వాటంతటవే వస్తాయట. నాన్నకి అలా మిగిలినవి రెండు, బస్సు పోనివ్వడానికి అరిచేదొకటి, ఆపడానికి అరిచేదొకటి. ఒకటి "రైట్ రైట్", రెండోది "హోల్డాన్". అత్త మటుకు ఇదంతా తల్లి మహిమే అంటుంది. అననీ. ఆ కుడివైపుని కాపాడిందెవరని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

గుణదల పండగ ఫిబ్రవరి 9, 10, 11. లక్షల్లో జనం వస్తారు, ఆ తొక్కిడిలో నాన్నతో కుదరదని పండగ హడావుడి తగ్గాకే బయల్దేరాం. ఆమదాలవలసలో రైలెక్కించడమే పెద్ద పని. వాలంటీర్లలా ఎవరెవరో చెయ్యేశారు గానీ, అందరూ పడిపోయిన చెయ్యి పట్టుకునే లాగబోతారు. అలా లాగితే భుజం కీలు జారిపోతుంది. "ఆ చెయ్యి కాదు బాబూ, నడుం దగ్గర పట్టుకోండి" అని అరవడమే నా పని అయింది.

విశాఖలో ఇంజను ఇటు చివర తీసి అటు చివర తగిలిస్తారు కదా, అక్కణ్నుంచి బండి వెనక్కి పోతున్నట్టుంటుంది. నాన్న కిటికీలోంచి చూసి కంగారుపడిపోయాడు, ఇంటికి తిరిగి వెళ్లిపోతున్నాం అనుకున్నాడేమో, "హోల్డాన్! హోల్డాన్!" అని ఒకటే గోల. పై బెర్తు కుర్రాడు పడీ పడీ నవ్వాడు, తర్వాత సంగతి తెలిసి కిందకి దిగి వచ్చి, బాత్‌రూమ్‌కి తీసుకెళ్లడంలో అన్నయ్యకి సాయం పట్టాడు. ఊగే బండిలో ఆ ఇరుకు గదిలో ఒక మనిషిని నిలబెట్టి, లుంగీ సర్ది, మళ్లీ బెర్తు దాకా తేవడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది. యాత్ర అంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే.

విజయవాడలో దిగి ఆటోలో గుణదల. 1924లో ఆర్లాటి అనే ఇటలీ గురువు ఈ కొండమీద రాతి గుహలో మరియమాత విగ్రహం పెట్టడంతో మొదలైన చోటు ఇది. ఫ్రాన్సులో లూర్దు గుహలో 1858 ఫిబ్రవరి 11న బెర్నదెత్ అనే పిల్లకి తల్లి కనిపించిందని నమ్మకం, ఇక్కడి పండగకి ఆ తేదీ అందుకే. అదే రోజుని రోగుల కోసం ప్రపంచ ప్రార్థన దినంగా 1992లో పోపు రెండో జాన్ పాల్ ప్రకటించారు. అత్తకి ఈ తేదీలన్నీ కంఠతా వచ్చు.

కొబ్బరికాయలు కొట్టేవాళ్లు, తలనీలాలు ఇచ్చేవాళ్లు, బొట్టు పెట్టుకున్నవాళ్లు, ముసుగేసుకున్నవాళ్లు, అందరూ ఒకే మెట్ల మీద. అమ్మకి ఇదంతా కొత్త, కొంగు నెత్తిమీదకి లాక్కుని నా చెయ్యి వదల్లేదు.

ఇద్దరు మనుషుల్ని పెట్టి కుర్చీలో మోయిద్దామని అన్నయ్య అన్నాడు. నాన్న ఒప్పుకోలేదు, ఎడం చేత్తో రెయిలింగ్ పట్టుకున్నాడు. ఫిజియో నేర్పింది ఒక్కటే సూత్రం. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు బాగోలేని కాలు ముందు. అన్నయ్య కుడివైపు, ఒక మెట్టు కింద. నాన్న ఎడమ కాలు పైకి వేసి, కుడి కాలు ఈడ్చుకుని పక్కకి చేర్చి, "రైట్" అన్నాడు. ఇంకో మెట్టు. "రైట్." ఆయాసం వస్తే "హోల్డాన్", ఆగేవాళ్లం. వెనకాల వరస కట్టినవాళ్లకి కాసేపటికి విషయం అర్థమై, ఎవరో ఒకాయన గట్టిగా "రైట్ రైట్, పోనీయ్!" అని అరిచాడు. నాన్న నవ్వాడు. మూతి ఒకవైపుకే వెళ్లే నవ్వు, కానీ మాకందరికీ తెలిసిన నవ్వే.

గుహ దగ్గర అత్త మోకాళ్ల మీద జపమాల చెప్పుకుంది. అమ్మ పక్కనే నిలబడి కళ్లు మూసుకుని, మామూలుగా ఇంట్లో చేసినట్టే ప్రభువుతో మాట్లాడుకుంది. నాన్న ఏడ్చాడు. స్ట్రోక్ తర్వాత ఏడుపు, నవ్వు అదుపులో ఉండవని డాక్టరు ముందే చెప్పాడు, కాబట్టి నేను దానికి పెద్ద అర్థం తియ్యను. శిఖరం మీద సిలువ దాకా వెళ్లలేదు, అది మా శక్తికి మించింది.

తిరిగొచ్చాక పాస్టరుగారు సాక్ష్యం చెప్పమన్నారు, అంటే దేవుడు చేసిన మేలు సంఘం ముందు చెప్పడం. ఇక్కడే నాకు పేచీ. సాక్ష్యం అంటే మంచం పట్టినవాడు గెంతులేశాడు అన్నట్టే ఉండాలని జనం ఎదురుచూస్తారు, సగం బాగుపడ్డవాడికి అక్కడ చోటుండదు. అమ్మ లేచి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నడుస్తున్నాడు, చొక్కా గుండీలు ఇంకా పెట్టుకోలేడు, అన్నం ఎడం చేత్తో తింటున్నాడు, నా పేరు పిలవలేడు, మాత్రలు వాడుతున్నాం, స్తోత్రం. ఒక్క క్షణం ఎవరికీ ఏం అనాలో తోచలేదు. అప్పుడు పాస్టరుగారే మార్కు సువార్త ఎనిమిదో అధ్యాయం తీశారు, బేత్సయిదా గుడ్డివాడి కథ. ప్రభువు ముట్టుకోగానే అతనికి పూర్తిగా కనబడదు, మనుషులు నడిచే చెట్లలా కనిపిస్తున్నారంటాడు, ప్రభువు మళ్లీ చేతులుంచుతాడు. గుణదల ఊసు మాత్రం ఎత్తలేదు, అందుకు ఆయనకి థాంక్స్.

ఫిజియోకి మెట్ల సంగతి చెప్తే ఆమె తెగ సంతోషపడి, ఇక రోజూ మేడమెట్లు ఎక్కించమని రాసిచ్చింది. నాన్నకి ఆ కాగితం చూస్తేనే విసుగు. అత్త ఫోన్ చేసినప్పుడల్లా వచ్చే ఏడు శిఖరం దాకా ఎక్కిద్దాం అంటుంది. "ముందు మా బాత్‌రూమ్ గడప దాటనీ వదినా, తర్వాత చూద్దాం" అంటుంది అమ్మ.