గండికోట ఎక్కుడులో చెప్పుకున్న కథ

ప్రొద్దుటూరు నుంచి గండికోటకు సైకిళ్ల మీద పోదామని మా చెల్లెలి కూతురు అన్నప్పుడు నాకు టెన్షన్ పట్టుకుంది. సుమారు 35 కిలోమీటర్లు. పదో తరగతి తర్వాత నేను సైకిల్ ముట్టలేదు. రెండు నెలలు పొద్దున్నే తొక్కి అలవాటు చేసుకున్నాను.

జనవరి చలిలో, ఇంకా చీకటుండగానే బయల్దేరాం. జమ్మలమడుగులో ఉగ్గాని, బజ్జి తిన్నాం. ఊరు దాటి కొంతదూరం పోయాక ఎక్కుడు తగిలింది. ఒకచోట దిగి తోసుకుంటూ నడిచాం.

"పెద్దమ్మా, ఇంగ ఎంత దూరం?" అంది. దూరం గుర్తురాకుండా ఆడవాళ్ల టూర్ డి ఫ్రాన్స్ కథ ఎత్తుకున్నాను. అది ఫ్రాన్స్‌లో రోజుల తరబడి సాగే పెద్ద సైకిల్ పోటీ; ఒక్కో విడతను స్టేజీ అంటారు.

1955లోనే ఫ్రాన్స్‌లో ఆడవాళ్లు 5 స్టేజీల పోటీ తొక్కారు. ఐల్ ఆఫ్ మ్యాన్ అమ్మాయి మిల్లీ రాబిన్సన్ గెలిచింది. మరుసటేడు ఆ పోటీ లేదు. 29 ఏళ్లకు, 1984లో మళ్లీ పెట్టారు. 18 స్టేజీలు, మగవాళ్లు తొక్కే కొండదారుల్లోనే, అదేరోజు వాళ్లకంటే ముందుగా. అమెరికా నుంచి వచ్చిన మరియాన్ మార్టిన్ గెలిచింది. ఆమెకు దక్కింది వెయ్యి డాలర్లు. మగవాళ్లలో గెలిచిన ఫిన్యోఁకు లక్షకు పైనే.

"అదే కొండ కదా పెద్దమ్మా!" అంది పిల్ల. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఫ్రాన్స్ సైక్లిస్టు జానీ లాంగో వరుసగా మూడుసార్లు గెలిచిన 1989తో అదీ ఆగిపోయింది. తర్వాత వేరే పేర్లతో పోటీలు నడిచినా అవీ నిలబడలేదు. తొక్కేవాళ్లు లేక కాదు, నడిపేవాళ్లు లేక. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపమే. టూర్ పేరుతో 8 స్టేజీల పోటీ మళ్లీ 2022లో ఈఫిల్ టవర్ దగ్గర మొదలైంది. మొదట్లోనే కడుపు చెడి, తిండి సయించక నీరసించిన నెదర్లాండ్స్ సైక్లిస్టు అనెమిక్ వాన్ వ్లూటెన్, ఏడో స్టేజీలో కొండల మీద సుమారు 60 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కి అందరినీ వెనకేసింది. అప్పటికి ఆమెకు 39 ఏళ్లు.

అది విన్నాక పిల్ల మళ్లీ సైకిలెక్కింది. నేనూ ఎక్కాను. కోటవాకిలి దాకా దిగలేదు.

పెన్నానది లోయ అంచున, ఎర్రబండల మీద కూర్చుని ఫోన్లో ఆ ఏడో స్టేజీ చూశాం. సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. ఎండ ముదరకముందే దిగుదామని అనుకున్నవాళ్లం, ఆమె గీత దాటిందాకా లేవలేదు.